సిస్టర్ మింగిన మాట

"ఫ్యాను ఆపెయ్యండి మాస్టారూ" అన్నాను.

వీరభద్రం మాస్టారు లేచి ఫ్యాను ఆపారు. ట్యూబులైటు నేను ఆపాను. లాప్‌టాప్‌కి ఉన్న చార్జరు కూడా పీకేశాను. మే నెలలో, కిటికీ మూసిన ల్యాబ్ గదిలో, ఫ్యాను లేకుండా కూర్చోవడం ఏమిటో కాకినాడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఏం చేస్తాం? గోడలో కరెంటు పారుతున్నంతసేపూ దాని రొద మా తీగల్లోకి దూరుతుంది. మేం పట్టుకోవాలనుకునే సంకేతం ఆ రొద ముందు లెక్కలోకి రానంత చిన్నది. అందుకని చెమటలు కక్కుతూ, లాప్‌టాప్ బ్యాటరీ చచ్చేలోపల రాబట్టగలిగినంత రాబట్టాలి. నాకు అసలే ఒకచోట కుదురుగా కూర్చునే గుణం లేదు. ఆ గదిలో మరీ పిచ్చెక్కినట్టుండేది.

ఎదురు కుర్చీలో సత్యవేణి సిస్టర్, మాస్టారి భార్య. ఉద్యోగమంతా ప్రసూతి వార్డులో నర్సుగానే చేసింది. ఆవిడ ఒక్క కేక వేస్తే, వరండాలో కునుకుతున్న తండ్రులు కూడా లేచి నిలబడేవారట. రెండేళ్ళ కిందట గొంతులో కాన్సరని తేలి స్వరపేటిక మొత్తం తీసేశారు, రేడియేషను కూడా ఇచ్చారు. మెడ మధ్య ఉన్న రంధ్రంలో చిన్న గొట్టం, దాంతోనే ఊపిరి. పెదవులు కదుపుతుంది, నాలుక తిప్పుతుంది, మాట మాత్రం రాదు. మెడకి ఆనించుకుంటే జుమ్మంటూ మాట్లాడే పరికరం ఒకటి ఆస్పత్రిలో ఇచ్చారు. రెండు రోజులు వాడి, దాన్ని బీరువా మీదకి విసిరేసి, పలక మీద రాసింది: "ఇది గొంతా, తుమ్మెదా?"

మా ప్రొఫెసరు డాక్టర్ ఫణిభూషణ్ గారి యంత్రం అలాంటివాళ్ళ కోసమే. మాట పుట్టేటప్పుడు పెదవీ దవడా నాలుక కింది కండరాలూ కదులుతాయి. గొంతు లేకపోయినా కదులుతాయి. మనసులో అనుకుని పైకి అనకుండా మింగేసిన మాటకి కూడా వెంట్రుకవాసి కదులుతాయి. ఆ కదలికలో పుట్టే కరెంటుని చర్మం మీద అతికించిన బిళ్ళలతో పట్టుకుని, అంకెలుగా మార్చి, ఏ మాటో కనిపెట్టి, ఆవిడ పాత గొంతుతోనే స్పీకరులో పలికించాలి. పాత గొంతు సంపాదించడం తేలికైంది. ఊళ్ళో ఎంతమంది సెల్‌ఫోన్లలో బిడ్డ పుట్టిన రోజున తీసిన వీడియోలున్నాయో, అన్నిటి వెనకా సిస్టర్ అరుస్తూనే ఉంది.

ఇక ఆ కరెంటుని అంకెలుగా మార్చి లాప్‌టాప్‌కి అందించే పెట్టె. దాని దగ్గరే నాకూ సార్‌కీ పెద్ద యుద్ధం జరిగింది.

"లాప్‌టాప్‌లో మైకు కోసం ఉన్న సౌండు కార్డుతో కానిచ్చేద్దామా చంద్రకళా?" అన్నారు సార్ మొదట.

"సౌండు కార్డు నెమ్మది కదలికల్ని వడకట్టి పారేస్తుంది సార్. దవడ కదిలేదే నెమ్మదిగా."

రెండు పెట్టెలు మిగిలాయి. ఒకటి నల్లది. ప్రతి తీగకీ లోపల విడిగా ఒక మార్పిడి చిప్పు ఉంటుంది. సార్‌కి అదే నచ్చింది. కానీ దాని డ్రైవరు, అంటే పెట్టెని లాప్‌టాప్‌తో కలిపే ప్రోగ్రాము, లోపల ఏముందో కంపెనీవాళ్ళు చూడనివ్వరు. పైగా అది, లాప్‌టాప్‌ని నడిపించే లినక్స్ సిస్టంలో ఏనాటిదో పాతదాని మీదే నడుస్తుంది. నా లాప్‌టాప్‌లో కొత్త లినక్స్ ఉంది, తగిలించగానే తెర బిగుసుకుపోయింది. రెండోది బూడిదరంగు పెట్టె. పదహారు తీగలకీ కలిపి ఒకటే చిప్పు. ఒక స్విచ్చి గిరగిరా తిరుగుతూ ఒక్కో తీగనీ వరసగా ఆ చిప్పుకి చూపిస్తుంది. దాని డ్రైవరు లినక్స్‌లోనే కలిసి వస్తుంది, మొత్తం చదువుకోవచ్చు. తగిలించాను, నడిచింది.

"ఒకటే చిప్పంటే తీగకీ తీగకీ మధ్య ఆలస్యం రాదా?" అన్నారు సార్.

"వస్తుంది, లెక్కలో సరిచేసేస్తాను. మనిషి ఒంటికి తగిలించే తీగల దగ్గర, నేను చదవని కోడు నాకొద్దు సార్."

ఆయన విసుక్కుని సరే అన్నారు. నల్లపెట్టె బీరువాలోకి పోయింది. బూడిద పెట్టె డ్రైవరు నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. అందులో తప్పు లేదు. ఇవాళ్టికీ లేదు, కావలిస్తే ఎవరైనా చదువుకోవచ్చు.

యంత్రానికి చదువు చెప్పాలంటే సిస్టర్ ఒక్కతే చాలదు. ఆవిడ మూగగా అనే మాటనే పక్కన ఒకరు గొంతెత్తి అనాలి. ఇద్దరి కండరాలనీ పోల్చుకుంటూ అది నేర్చుకుంటుంది. ఆవిడ యాస, ఆవిడ విరుపులు తెలిసినవాడు మొగుడు తప్ప ఇంకెవరు? వీరభద్రం మాస్టారు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. పేరు చూసి భయపడక్కర్లేదు, బడిలో పిల్లాడి చెవి కూడా మెలిపెట్టి ఎరగరు. బిళ్ళలు అతకాలంటే పై పెదవి నున్నగా ఉండాలన్నాను. మర్నాడు పెళ్ళినాటి మీసం తీయించుకుని వచ్చారు.

సిస్టర్ ఆయన్ని ఎగాదిగా చూసి పలక అందుకుంది. "పెళ్ళిచూపులకి ఇలా వచ్చుంటే ఒప్పుకునేదాన్ని కాదు."

మాస్టారు సిగ్గుపడిపోయారు. నేను తీగలు తగిలించాను. పోల్చడానికి తేలిగ్గా ఉంటుందని జతలు జతలుగా పెట్టాను. ముందు మాస్టారి పై పెదవి, వెంటనే సిస్టర్ పై పెదవి. మాస్టారి గడ్డం, సిస్టర్ గడ్డం. అలా పదహారూ నింపేశాను. చూడముచ్చటగా ఉందనుకున్నాను కూడా.

ఇద్దరూ కలిసి వాక్యాలు చదివారు. కూరల పేర్లు, చుట్టాల పేర్లు, తిట్లు. తిట్ల దగ్గర మాస్టారికి నోరు తిరగలేదు. ఆ తరవాత సిస్టర్ ఒక్కతే అనడం మొదలుపెట్టింది. మాస్టారి బిళ్ళలు మాత్రం అలాగే ఉంచేశాం. పీకి మళ్ళీ అతికిస్తే చోటు మారిపోతుంది, చదువంతా మొదటికొస్తుంది.

ఆ రోజు ఫ్యాను ఆపి, లైటు ఆపి, "అనండి సిస్టర్, ఏదనిపిస్తే అది" అన్నాను. ఆవిడ పెదవులు కదిలాయి. స్పీకరు గరగరమంది. తరవాత గదిలో ఒక ఆడగొంతు, నిండుగా, దురుసుగా:

"ఒసే పిల్లా, ఆ కిటికీ తియ్యవే. చచ్చిపోతున్నానిక్కడ!"

మాస్టారు కుర్చీలోంచి లేవబోయి తీగలు గుర్తొచ్చి ఆగిపోయారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు. సార్ తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కిటికీ తియ్యడానికి వెళ్ళి, అక్కడే నిలబడి ఏడ్చాను. నాకంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

"ఏడుపు తరవాత" అంది సిస్టర్ గొంతు. "ముందు ఫ్యాను వెయ్యండి."

ఒక వారం అలా బాగా గడిచింది. సిస్టర్‌కి రెండేళ్ళ మాటల అప్పు తీరుతున్నట్టుండేది. పక్కింటావిడ మీద, టీవీ సీరియళ్ళ మీద, నా పెళ్ళి మీద, అన్నిటి మీదా మాట్లాడింది. అలిసిపోయి ఒకసారి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. మాస్టారు పక్కన నేల చూస్తూ కూర్చున్నారు. నేను తెర మీద గీతలు చూస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదు.

"ఇంక ఓపిక లేదు" అంది స్పీకరు, సిస్టర్ గొంతుతో.

మేం తలెత్తాం.

"ఈ ఇల్లు వద్దు. ఎక్కడికైనా వెళ్ళిపోవాలి. ఎక్కడికైనా."

సిస్టర్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పలక లాక్కుని పెద్ద అక్షరాలతో రాసింది: "నేను అనలేదు."

సార్‌కి కబురు చేస్తే పరుగెత్తుకొచ్చారు. రికార్డు రెండుసార్లు విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అనలేదు తల్లీ. అనుకున్నారు. పైకి అనకుండా మింగేసిన మాట ఇది! దీన్ని పట్టగలమని నేను కాగితం మీద రాసుకున్నానే కానీ, ఇంత తొందరగా పడుతుందని కల్లో కూడా అనుకోలేదు. మన పని చూడ్డానికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది, వాళ్ళకి ఇదే చూపిద్దాం."

సిస్టర్ తల అడ్డంగా ఊపింది. రాసినదాని కింద గీత గీసింది. మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"పోనీలే వేణీ. నా దగ్గర దాపరికం దేనికి? నీకలా ఉంటే అలాగే చేద్దాం" అన్నారు, చాలా మెల్లిగా.

మర్నాడూ అలాగే జరిగింది. ఆ మర్నాడూ అంతే. సిస్టర్ మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మాటలే వచ్చేవి. నోరు మూసెయ్యగానే ఇవి మొదలయ్యేవి. విసిగిపోయాను. ఒక్కరోజైనా నిద్రపోవాలి. ఎన్నాళ్ళిలా. ఆవిడ ప్రతిసారీ కాదని రాసేది. కాదని రాసిన కొద్దీ మేం నమ్మేవాళ్ళం కాదు. మనసులోది బయటపడితే ఎవరైనా కాదనే కదా అంటారు! చేత్తో రాసిందానికన్నా యంత్రం చెప్పిందే నిజమని ముగ్గురం ఒప్పేసుకున్నాం. ముగ్గురిలో నేనొకత్తిని.

యంత్రం రేపు ఇంట్లో పెట్టాల్సి వస్తే వైర్లు ఎలా సర్దాలో చూడడానికి నేను జగన్నాథపురంలో వాళ్ళింటికి వెళ్ళాను. చిన్న డాబా ఇల్లు, గుమ్మంలో మల్లెపొద. మాస్టారు వంటింట్లో అన్నం, పప్పు మిక్సీలో వేసి మెత్తగా తిప్పుతున్నారు. ఆవిడ మెడ గొట్టం మరిగించిన నీళ్ళలో కడిగి గుడ్డ మీద ఆరబెట్టి ఉంది. రోజుకి ఎన్నిసార్లయినా కడగాలి. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "దేవుడులాంటి మొగుడండీ. ఆవిడకే విలువ తెలీట్లేదు, తునిలో అక్క దగ్గరికి పోతానంటోందట" అంది నాతో. మాట అప్పుడే వీధి దాటింది.

గదిలో ఒక సంచీ సర్ది ఉంది. మాస్టారే సర్దారు. వచ్చే శుక్రవారం తునికి బస్సు.

సిస్టర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టేసింది. బిడ్డని పట్టి లాగిన చేతులవి, తప్పించుకోలేం. పలక మీద ఆవేశంగా రాస్తుంటే సుద్దముక్క విరిగిపోయింది. విరిగిన ముక్కతోనే పూర్తి చేసింది.

"నీ పెట్టె అబద్ధం ఆడుతోంది. నా ఇంట్లోంచి నన్ను గెంటేస్తోంది."

"పెట్టె అబద్ధం ఆడదు సిస్టర్. డ్రైవరు మొత్తం నేనే చదివాను" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. తప్పు చేసిన ట్రెయినీ నర్సుని అలాగే చూసేదేమో. పలక తుడిచేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటికొచ్చానే గానీ అన్నం సహించలేదు, కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. నా కోడులో తప్పు లేదు. మరి ఆవిడ కళ్ళలో అబద్ధమెక్కడుంది?

బుధవారం మళ్ళీ ల్యాబ్‌లో కూర్చున్నాం. కమిటీకి చూపించడానికి మంచి రికార్డు కావాలని సార్ కూడా వచ్చారు. ఫ్యాను ఆపాం. సిస్టర్ మొండిగా పెదవులు బిగించుకుని కూర్చుంది. ఏమీ అనకపోతే ఏమీ రాదని ఆవిడ పంతం. మాస్టారు కదలకుండా కూర్చున్నారు, పై పెదవి మీద చెమట, తీసేసిన మీసం గరుగ్గా మొలుస్తోంది.

స్పీకరు గరగరమంది.

"మీసం దగ్గర దురద" అంది సిస్టర్ గొంతు. "గోక్కుంటే తీగ ఊడుతుందేమో."

సిస్టర్ మెల్లిగా తల తిప్పి మొగుడి వైపు చూసింది. తన పై పెదవి చూపుడువేలితో తడుముకుంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తలెత్తలేదు.

"ఏదో పొరపాటు మాట, అది కత్తిరించెయ్" అన్నారు సార్.

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. వాళ్ళిద్దరినీ ఇంటికి పంపించేసి, ఆ మధ్యాహ్నమే తీగలన్నీ పీకేసి ఒక టార్చి సెల్లు తెచ్చాను. బూడిద పెట్టెలో మాస్టారి తీగ ఉండే చోట సెల్లు తగిలించాను. పక్కన సిస్టర్ తీగ ఉండే చోట ఏమీ పెట్టకుండా వదిలేశాను. తెర మీద సెల్లు గీత పైకి లేచింది. దాని పక్కన, ఏమీ లేని చోటు గీత కూడా లేచింది. సెల్లు తీసేస్తే రెండూ పడిపోయాయి. మళ్ళీ పెడితే రెండూ లేచాయి.

సార్‌ని లాక్కొచ్చి చూపించాను.

"ఒకటే గరిట సార్. పదహారు గిన్నెల్లో వరసగా ముంచుతున్నాం. పులుసులో ముంచి, విదల్చకుండా మజ్జిగలో ముంచితే ఏమవుతుంది? మాస్టారి పెదవి చూసిన చిప్పే వెంటనే సిస్టర్ పెదవి చూస్తోంది. సిస్టర్ చర్మం రేడియేషను తిన్న చర్మం, కరెంటు సరిగా దిగదు. పాత చుక్క ఖాళీ అయ్యేలోపలే స్విచ్చి తిరిగిపోతోంది. ఆవిడ మాట్లాడుతున్నప్పుడు ఆవిడ మాటే గట్టిగా ఉంటుంది గనక ఇది కనపడదు. ఆవిడ ఊరుకుంటే, ఏమీ లేదు కదా అని మనం రాసిన ప్రోగ్రామే మిగిలిన చుక్కని పెద్దది చేసి వినిపిస్తోంది. మింగిన మాటలే సార్ అవి. కానీ మింగింది మాస్టారు."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"కమిటీ వెళ్ళాక చూద్దాం" అన్నారు.

"ఆవిడ శుక్రవారం బస్సెక్కుతుంది!"

"నేనెక్కించట్లేదు కదమ్మా."

"మనమే ఎక్కిస్తున్నాం సార్. మనమే!" అని అరిచి బయటికొచ్చేశాను. నా అరుపు నాకే సిగ్గనిపించింది గానీ వెనక్కి వెళ్ళలేదు. పెట్టె ఎంచింది ఆయన కాదు, నేను. చదవగలిగిందే నమ్ముతానని గొప్పలు పోయాను. డ్రైవరు చదివాను గానీ రాగి తీగలో కరెంటు నేను రాసినట్టు నడుచుకోదని మర్చిపోయాను.

మాస్టారు సాయంత్రం కూరలు కొనడానికి మార్కెట్టుకి వస్తారని తెలుసు. బెండకాయల దగ్గర దొరికారు. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఎదురుగా నిలబడేసరికి అన్నీ మర్చిపోయి, "ఆ మాటలు సిస్టర్‌వి కావు మాస్టారూ" అనేశాను.

ఆయన బెండకాయ కొస విరుస్తూ ఆగారు. తరవాత ఇంకో కాయ తీసి కొస విరిచారు.

"తెలుసమ్మా" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"మొదటిరోజు నుంచే. నా మాట నాకు తెలీదా? రెండేళ్ళుగా లోపల తిప్పుకుంటున్న మాటే, అక్షరం పొల్లు పోలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఆవిడ కాదు కాదని పలక మీద రాస్తుంటే ఎలా ఊరుకున్నారు? సంచీ కూడా మీరే సర్దారే!"

"నా నోట రాలేదమ్మా. ఎప్పటికీ రాదు కూడా. ఆవిడ నోట వచ్చింది." ఆయన కొస విరిచిన కాయలన్నీ, ముదురువి కూడా, బుట్టలో వేసేస్తున్నారు. "వచ్చింది కదా, ఆవిడ మాటగానే పోనిద్దాం అనుకున్నాను. తప్పే. ఒక్క వారం పడుకుని నిద్రపోవాలనుందమ్మా. ఊపిరి ఆడుతోందా లేదా అని చెవి ఒగ్గకుండా."

ఇంకా నాలుగు మాటలు అందామని వచ్చినదాన్ని. ఆయన చేతిలోంచి బుట్ట తీసుకుని పట్టుకున్నాను. కోపం పోయిందా అంటే పోలేదు.

"మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నాను.

"నేనే చెప్తాను."

ఆయన చెప్పరని ఇద్దరికీ తెలుసు.

గురువారమంతా నల్లపెట్టెతో గడిచింది. ల్యాబ్‌లో మూలపడి ఉన్న పాత లాప్‌టాప్ దులిపి, వెతికి వెతికి ఆ కంపెనీ అడిగే పాత లినక్స్ ఎక్కించాను. చదవడానికి వీల్లేని ఆ డ్రైవరుని పళ్ళు నూరుతూ ఎక్కించాను. లాప్‌టాప్ రెండుసార్లు చచ్చి లేచింది. సెల్లు పరీక్ష మళ్ళీ చేశాను. సెల్లున్న గీత లేచింది, పక్క గీత నేలమీదే పడుకుంది. ప్రతి గిన్నెకీ దాని గరిట దానికే ఉంది. నిశ్శబ్దాన్ని పెద్దది చేసే ముక్కని ప్రోగ్రాంలోంచి పీకి పారేశాను. పాత రికార్డుల్లో సిస్టర్ పెదవులు గట్టిగా కదిపి అన్న మాటలే ఏరి, వాటితో యంత్రానికి కొత్తగా చదువు చెప్పాను.

సార్ వచ్చి వెనక నిలబడ్డారు. "దీంతో మింగిన మాట పడుతుందా?"

"పడదు సార్. సిస్టర్ కండరాల్లో అంత బలం లేదు. ఆవిడ అనదలుచుకుంటేనే వస్తుంది."

కమిటీకి చూపించాలనుకున్న అద్భుతం ఆయన కళ్ళ ముందే పోతోంది. నాకు జాలేసింది. చివరికి ఆయనే వెళ్ళి ఫ్యాను ఆపి వచ్చారు, నా పరీక్షకి రొద అడ్డం రాకుండా.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. సంచీతో సహా వచ్చారు, ఇటునుంచి ఇటే బస్‌స్టాండుకి. మాస్టారు అలవాటుగా తన కుర్చీలో కూర్చుని మొహం ముందుకి చాపారు.

"మీకు అక్కర్లేదు మాస్టారూ, సిస్టర్‌కి ఒక్కదానికే" అన్నాను.

ఆయన నావైపు చూశారు. తల దించుకుని, కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. నేను సిస్టర్‌కి ఎనిమిది బిళ్ళలు అతికించాను. ఆవిడ నా మొహమే చూస్తోంది. లైటు ఆపాను. లాప్‌టాప్ చార్జరు పీకాను.

స్పీకరు నిశ్శబ్దంగా ఉంది. సిస్టర్ ఊరుకుంటే అదీ ఊరుకుంది. ఆవిడ దాన్ని కాసేపు పరీక్షగా చూసి, తృప్తిపడినట్టు తలాడించి, మొగుడి వైపు తిరిగింది.

"మీసం మాట విన్నప్పుడే తెలిసింది నాకు" అంది.

మాస్టారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మిగతావి కూడా మీవే కదా?"

ఆయన తలాడించారు.

"నాతో ఒక్కసారి అంటే ఏం పోయిందండీ?"

"ఎలా అనమంటావు వేణీ? నీకు మాట లేదు. మాట లేని మనిషితో పోట్లాడితే అన్యాయం కదా."

"ఇప్పుడుంది కదా. పోట్లాడండి."

ఆయన నోరు తెరిచారు, మూసుకున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. బయటికి పోదామంటే లాప్‌టాప్ దగ్గర నేనుండాలి. ఉంటే వినాలి. నా జన్మలో అంత ఇబ్బందిగా ఎప్పుడూ నిలబడలేదు.

"చేతకాదు. నాకు తెలుసు" అంది సిస్టర్ గొంతు, ప్రసవాల గదిలోని గొంతు. "అయితే వినండి. వెళ్ళిపోవాలనుంది మీకు. నా ఇంట్లోంచి నేనెందుకు వెళ్ళాలి? ఆ సంచీలో నా చీరలు తీసెయ్యండి. మీ బట్టలు పెట్టుకోండి. బస్సు మీరెక్కండి."

"నేనా?" అన్నారు మాస్టారు. "నీ గొట్టం ఎవరు కడుగుతారు?"

"నేను నర్సునండీ! నా చేతులకేమైంది? ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మీరు ఏడుస్తూ ఆ గొట్టం చేతిలోకి తీసుకున్నారు. వద్దంటే ఇంకా ఏడుస్తారని ఊరుకున్నాను. రెండేళ్ళు అలాగే ఊరుకున్నాను. నాదీ తప్పే."

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. సిస్టర్ కాసేపు అలా చూసింది. లేచి దగ్గరకెళ్ళాలంటే తీగలు, అందుకని కూర్చునే ఉంది.

"మా అక్క దగ్గరకి మాత్రం వెళ్ళకండి, బుర్ర తినేస్తుంది. మీకు నచ్చిన ఊరెళ్ళండి. పడుకోండి."

"ఎప్పుడు రమ్మంటావు?"

"అది నేను చెప్పేది కాదు. వెళ్ళాలని మీకే అనిపించింది. రావాలని కూడా మీకే అనిపించాలి."

మాస్టారు లేచారు. సంచీలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి, మడత చెడకుండా బల్ల మీద పెట్టారు. పెట్టుకోవడానికి తన బట్టలు అక్కడ లేవు. ఖాళీ సంచీ భుజాన వేసుకుని, "బట్టలు ఇంటి దగ్గర తీసుకుంటాను" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి సిస్టర్ మెడ వైపు, ఆ గొట్టం వైపు ఒకసారి అలవాటుగా చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

గదిలో ఉక్క. స్పీకరు ఊరుకుంది.

"పిల్లా" అంది చివరికి. "కిటికీ దగ్గరకెళ్ళి చూడు. వెనక్కి తిరిగి చూశారా?"

కిటికీ తీశాను. మాస్టారు గేటు దాటి రోడ్డు మీదకి వచ్చేశారు. అబద్ధం చెప్పాలనిపించింది. ఆవిడకి ఇప్పటికే చాలా అబద్ధాలు చెప్పాం.

"లేదు సిస్టర్."

"ఎలా నడుస్తున్నారు? మెల్లిగానా?"

"తొందరగానే." నేను కిటికీ చువ్వలు పట్టుకుని మళ్ళీ చూశాను. "చాలా తొందరగా. చేతులూపుకుంటూ."

తిరిగి చూస్తే సిస్టర్ ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. మెడ గొట్టంలోంచి ఊపిరి ఎగదన్నుతోంది. నేను దగ్గరకి పోబోతే చేత్తో ఆపి, పెదవులు కూడదీసుకుంది.

"నడవనీ పాపం" అంది. "ఆయన అలా నడిచి రెండేళ్ళయింది."